ఏడో టెస్టు తాయత్తు

మంగళవారం పదకొండు గంటలకు ఎందుకమ్మ స్క్రీను మీద తొమ్మిది గళ్ళు పచ్చబడ్డాయి. ఒకటి ఎర్రబడింది. అది ఏడోది.

అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీకే పరిమితమైంది. మొదటి ఏడాది మొదటి వారంలో, బోర్డు మీద పడిన ప్రతి లైనుకూ "ఎందుకు సార్?" అని అడిగినందుకు క్లాసు ఆమెకు ఎందుకమ్మ అని పేరు పెట్టేసింది. ఆమె కోప్పడలేదు. కోప్పడితే ఎందుకని అడుగుతారు.

ఈ వారం లెక్క లిఫ్టుది. ఒక మేడ, కింద సున్నా నుంచి పైన ఏడు దాకా అంతస్తులు. లిఫ్టు కింద నిలబడి ఉంటుంది. ఏయే అంతస్తులో ఎవరున్నారో, ఎక్కడికి వెళ్ళాలో ముందే ఇస్తారు. పైకి పోతూ పైకి వెళ్ళేవాళ్ళను, కిందికి వస్తూ కిందికి వెళ్ళేవాళ్ళను ఎక్కించుకోవాలి. ఒక అంతస్తు కదలడానికి ఒక సెకను, ఒకసారి తలుపు తీసి వేయడానికి ఒక సెకను. అందరూ దిగేసరికి ఎంతసేపు పడుతుందో చెప్పాలి. రాసిన ప్రోగ్రామును ల్యాబులోని దిద్దే యంత్రానికి పంపితే, అది పది టెస్టులు పెడుతుంది. లోపల ఏమడిగిందో చెప్పదు, ఏం జవాబు కోరిందో చెప్పదు. సరి అనో తప్పు అనో ఒక్క మాట అని మూతి బిగిస్తుంది. అందుకే క్లాసంతా దాన్ని అత్తగారు అంటారు. ఆవిడ ఒక్కొక్కరికి పది నిమిషాలకొక్కసారే నోరు విప్పుతుంది. పదికి పదీ సరి అయితేనే మార్కులు. ఒక్కటి పోయినా సున్నా. ఈ లెక్కలో సున్నా వస్తే ల్యాబు పోతుంది, ల్యాబు పోతే రెండో ఏడాది మళ్ళీ చదవాలి. శుక్రవారం సాయంత్రం ఐదు గడువు.

"ఏడేనా?" అంది పక్క కుర్చీలోంచి రేడియో. ఆ పిల్ల నిద్రలో కూడా మాట్లాడుతుందని ప్రతీతి. "నీకింకా తాయత్తు అందలేదా?"

"తాయత్తేమిటి?"

రేడియో అటూ ఇటూ చూసి, ఆమె కీబోర్డు లాక్కుని, ప్రోగ్రాము చివర ఒక లైను కొట్టింది. మనుషులు ఆరుగురైతే జవాబులోంచి ఒకటి తగ్గించు. అంతే.

"ఎందుకు?"

"అదిగో, మొదలెట్టావా! తాయత్తుకి ఎందుకేమిటి? మా సీనియరక్క ఇచ్చింది, ఆవిడకి వాళ్ళ సీనియర్ ఇచ్చాడు. కట్టుకో, జబ్బు పోతుంది."

పది నిమిషాలు ఆగి పంపితే ఏడో గడి నిజంగానే పచ్చబడింది. రేడియో చప్పట్లు కొట్టింది. ఎందుకమ్మకు మాత్రం ఎవరో వేరేవాళ్ళ బట్టలు తనకు తొడిగి, చూడు ఎంత బావున్నావో అన్నట్టు అనిపించింది.

"చూశావా? ఈ లైను లేకే మునిగిపోయింది పాపం," అంటూ రేడియో గొంతు తగ్గించి, కిటికీ పక్క చివరి మిషను వైపు గడ్డంతో చూపించింది. అక్కడ కూర్చునే ఆమెను అందరూ పాతకాపు అంటారు. పోయినేడు ఇదే లెక్కలో సున్నా తెచ్చుకుని, ఇదే ఏడాది మళ్ళీ చదువుతోంది. ఎవరితోనూ మాట్లాడదు. "నోరు తెరిచి ఒక్కరినడిగితే చెప్పేవాళ్ళు కదా. నోట్లో నాలుక లేకపోతే ఇంతే."

ఎందుకమ్మ అటు చూసింది. పాతకాపు రెండు మోచేతులూ బల్లమీద ఆనించి, గోరు కొరుక్కుంటూ తన స్క్రీనులోకి చూస్తోంది. ఎందుకమ్మకు జాలి కలిగింది. ఆ జాలిలో తనకది జరగదన్న చిన్న సుఖం కూడా ఉన్నట్టు తోచి చూపు తిప్పుకుంది. తరువాత తాయత్తు లైను చెరిపేసింది.

"పిచ్చా నీకు?" అంది రేడియో.

"తప్పు నాదైతే ఎక్కడుందో చూసుకుంటాను. నాది కాకపోతే..."

"కాకపోతే? అత్తగారిదంటావా? నీ మొహం! ఎంతమంది బుర్రలు ఆవిడ గడప దాటుంటాయో తెలుసా?"

మధ్యాహ్నమంతా తన తప్పు కోసం వెతికింది. దొరకలేదు. విసుగులో ఒకచోట లెక్క ఆగవలసిన షరతు చెరిపేసింది. ఆ ప్రోగ్రాము ఆగకుండా గానుగెద్దులా తిరుగుతుందని చూసుకోకుండానే పంపేసింది. ఈసారి ఏడో గడిలో తప్పు అని లేదు. సమయం మించింది, అని ఉంది.

ఆమె చేతులు కీబోర్డు మీదినుంచి వాటంతటవే లేచాయి.

కాదనడానికి అత్తగారికి రెండు మాటలొచ్చు. రెండు మాటలొచ్చిన మనిషితో ఎంతసేపైనా మాట్లాడొచ్చు!

*

బుధవారం క్లాసులయ్యాక మూడింటికి ఆమె మొదటి ప్రశ్న పంపింది. ప్రశ్నంటే ప్రోగ్రామే. మొదటి మనిషి నాలుగో అంతస్తులో గానీ ఆ పైన గానీ నిలబడి ఉంటే ఆగకుండా తిరుగుతూ ఉండు. కింద ఉంటే మామూలుగా జవాబు చెప్పు. వచ్చిన మాట: తప్పు. అంటే నాలుగుకి కిందే ఉన్నాడు. పది నిమిషాలకు రెండో ప్రశ్న, రెండు గానీ పైన గానీ? తప్పు. ఒకటా? తప్పు.

అయితే సున్నా. మొదటి మనిషి కిందే, లిఫ్టు దగ్గరే నిలబడి ఉన్నాడు.

చీకటి గదిలో చెయ్యి చాస్తే ఎవరి భుజమో తగిలినట్టయింది ఆమెకు. అరగంటకి ఒక అంకె. ఆరుగురు మనుషులు, ఒక్కొక్కరికి ఎక్కే అంతస్తొకటి, దిగే అంతస్తొకటి. పన్నెండు అంకెలు, ముప్పై ఆరు ప్రశ్నలు. కాగితం మీద పన్నెండు గళ్ళు గీసి మొదటి గడిలో సున్నా వేసింది. వేసి, తలెత్తితే బోర్డు పైన గోడకంటించిన కాగితం కనిపించింది. దాచిన టెస్టులను తెలుసుకోవడానికి ప్రయత్నించినవారిని ల్యాబు నుంచి తొలగిస్తాం. కింద ల్యాబు మాస్టారి సంతకం.

ఏడాదిన్నరగా ఆ కాగితం కింద కూర్చుంటోంది. ఇవాళే దానికి కళ్ళొచ్చినట్టుంది.

ఇదంతా నిజం కోసమేనా, అని తనను తానే అడిగింది. అందరూ తలవంచిన చోట తానొక్కతే వంచలేదనిపించుకోవాలన్న ఉబలాటం ఇందులో లేదా? ఉంది. దాన్ని కాదనుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు. అది ఉన్నా, లిఫ్టు దగ్గర నిలబడిన ఆ మనిషి నిజం. అతను ఎక్కడికెళ్తాడో తెలియాలి. పది నిమిషాలు కాగానే నాలుగో ప్రశ్న పంపింది.

ఐదయ్యేసరికి పన్నెండు ప్రశ్నలు, నాలుగు అంకెలు. మొదటివాడు సున్నా నుంచి నాలుగుకి, రెండోవాడు రెండు నుంచి ఆరుకి. ల్యాబు మూసేశారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా నడుం దగ్గర బిగిస్తోంది. సూదులు పెదవుల మధ్య పెట్టుకుని విన్నది. మొత్తం విన్నాక సూదులు తీసి డబ్బాలో వేసింది.

"ఊరందరిదీ ఒకదారైతే నీదొకదారా? ఆ లైనేదో రాసెయ్యరాదుటే?"

"ఎందుకు తగ్గించాలో తెలియకుండా ఎలా రాసేదమ్మా?"

"నేను రోజూ చేసే పనేగా అది. ఎక్కువున్న చోట అరంగుళం లోపలికి మడిచి కుట్టేస్తాను. ఎవడు తిరగేసి చూస్తాడు?"

"ఎంత మడవాలో, ఎక్కడ మడవాలో నీకు తెలుసుగా. కళ్ళు మూసుకుని మడుస్తావా?"

అమ్మ దారం తెంపింది. లోపలి గదిలోంచి తమ్ముడు, "అక్కా, ల్యాబులోంచి గెంటేస్తే నీ బల్ల నాకే కదూ?" అని అరిచాడు.

"నీ నోట్లో మన్ను పొయ్య, పుస్తకం తియ్యరా ముందు," అంది అమ్మ. తరువాత కూతురి వైపు చూడకుండా, "ఇంకా ఎన్ని ప్రశ్నలున్నాయి?" అని అడిగింది.

"ఇరవై నాలుగు. నాలుగు గంటలు పడుతుంది. రేపు మాకు ల్యాబు రెండు గంటలే."

"మరి రెండు గంటల్లో అయ్యేట్టు అడుగు," అంది అమ్మ, అదేదో చొక్కా రేపటికి కావాలన్న మనిషితో అన్నంత మామూలుగా.

*

గురువారం తొమ్మిదికి ల్యాబు తలుపు తీసే ముందే రేడియో వరండాలో పట్టుకుంది. సంగతి విని కళ్ళు ఇంతింత చేసుకుంది.

"అమ్మో, అత్తగారి పెట్టె విప్పుతున్నావా? పట్టుబడితే నాకేం తెలియదు, నేను నిన్నెప్పుడూ చూడలేదు." అని, మరుక్షణమే, "రెండు మాటలేనా ఆవిడకొచ్చేది? నాకు రోజూ వేరేది అంటుందే. మధ్యలో కూలింది, అని. సున్నాతో భాగిస్తే చాలు, ఠక్కున కూలుతుంది."

ఎందుకమ్మ రేడియో రెండు భుజాలూ పట్టుకుంది. "మూడు మాటలు!"

"నొప్పే, వదులు."

"మూడు కాదు, నాలుగు! తాయత్తు కడితే సరి అంటుందిగా. సరి, తప్పు, సమయం మించింది, కూలింది. ఒక్కసారికి నాలుగు వైపుల్లో ఒకవైపు చూపిస్తుంది. ఇరవై నాలుగు అక్కర్లేదు, పన్నెండు చాలు. రెండు గంటలు!"

"నా కూలుడు ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చింది," అంది రేడియో గర్వంగా.

ఆ రెండు గంటలు ఎలా గడిచాయో ఆమెకు తరువాత సరిగా గుర్తులేదు. ప్రశ్న రాసి, రేడియోతో ఒకసారి చదివించి, గడియారం ముల్లు కదిలే దాకా అరచేతులు మోకాళ్ళకు రుద్దుకోవడం, పంపడం, ఏడో గడి రంగు మారేలోపు ఊపిరి బిగబట్టడం. కూలింది. సరి. తప్పు. కూలింది. ఇన్నాళ్ళూ ఏ మాట వస్తే గుండె జారేదో ఆ మాట కోసమే ఇప్పుడు ఎదురుచూస్తోంది. ఏ మాటైనా లాభమే. తప్పు అని వచ్చినప్పుడు కూడా నవ్వొచ్చే పరిస్థితిలోకి మనిషి ఇంత తేలిగ్గా వెళ్ళగలడని ఆమెకు తెలియదు.

పది గంటల యాభై నిమిషాలకు పన్నెండు గళ్ళూ నిండాయి. సున్నా నుంచి నాలుగు, రెండు నుంచి ఆరు, ఆరు నుంచి ఒకటి, మూడు నుంచి సున్నా, ఐదు నుంచి రెండు, ఒకటి నుంచి మూడు. ఆరుగురు మనుషులు, ఇన్నేళ్ళుగా ఎవరికీ కనిపించకుండా లిఫ్టు కోసం నిలబడినవాళ్ళు. చేత్తో లెక్క కట్టింది. పైకి ఆరు, కిందికి ఆరు, కదలిక పన్నెండు సెకన్లు. తలుపు తీయడాలు పదకొండు. ఇరవై మూడు. మళ్ళీ కట్టింది. ఇరవై మూడు. రేడియో వేళ్ళ మీద కట్టింది. ఇరవై మూడు. తాయత్తు ప్రకారం అత్తగారికి కావలసింది ఇరవై రెండు.

పదకొండింటికి తాయత్తు లేని తన అసలు ప్రోగ్రామును చివరిసారి పంపింది. ఏడో గడి ఎర్రగానే వచ్చింది. భుజం వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగి చూస్తే, ల్యాబు మాస్టారు.

"రెండు రోజుల్లో ఇన్నిసార్లు ఎవరూ పంపరు. కాగితం తీసుకుని నా గదికి రా."

*

మాస్టారి గది చిన్నది. బల్ల మీద జవాబు పత్రాల కట్టలు, వాటి మీద మూత లేని కళ్ళజోడు పెట్టె. ఆయన ఆమె కాగితం చూశాడు. మొహంలో ఏమీ మారలేదు.

"గోడ మీది కాగితం చదివావా?"

"చదివాను సార్."

"చదివీ?"

"ఏడో టెస్టు జవాబు తప్పు సార్. ఇరవై రెండు కాదు, ఇరవై మూడు."

ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. పెన్సిలు తీసి, తెల్లకాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, పక్కన సున్నా నుంచి ఏడు దాకా అంకెలు వేశాడు. "ఈ టెస్టు నేను చేత్తో కట్టింది. పదకొండేళ్ళయింది. నీ కళ్ళ ముందే మళ్ళీ కడతాను. చూడు."

పెన్సిలు మొన సున్నా దగ్గర పెట్టి, "ఒకటో అంతస్తుకి కదిలింది, ఒకటి. తలుపు తెరిచింది, రెండు," అన్నాడు. పెన్సిలు మెల్లగా పైకి పాకింది. ఎందుకమ్మకు ఒళ్ళు జలదరించింది. తప్పు ఎక్కడుందో ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. తన లెక్క ఒప్పని మాత్రమే తెలుసు. ఇప్పుడది ఆమె కళ్ళ ముందే, పదకొండేళ్ళ క్రితం ఎలా జరిగిందో సరిగ్గా అలాగే, అదే చేతిలో మళ్ళీ జరిగింది. ఆయన ఆరు దాకా వెళ్ళి, దిగి, సున్నా దగ్గర ఆగేవరకూ ఆమె పళ్ళు బిగించి ఆగింది.

"తలుపు తెరిచింది, ఇరవై రెండు," అని ఆయన పెన్సిలు కింద పెట్టాడు.

"సార్, మొదటి మనిషి ఎక్కడ ఎక్కాడు?"

"కింద. లిఫ్టు అక్కడే ఉందిగా."

"లోపలికెలా వెళ్ళాడు సార్?"

"ఎలా వెళ్తాడు, తలుపు..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. మాస్టారు పెన్సిలు మళ్ళీ తీసుకుని, సున్నా పక్కన చిన్న చుక్క పెట్టాడు. చాలాసేపు ఆ చుక్కనే చూశాడు. ఆమెకు గెలిచినట్టూ ఉంది, పెద్దాయన బట్టలు మార్చుకుంటుంటే తలుపు తోసినట్టూ ఉంది.

"మరి అందరూ ఎలా పాసవుతున్నారు?"

ఆమెకు రేడియో నవ్వు మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆయన ఆమెను బలవంతపెట్టలేదు. తన మిషను వైపు తిరిగి ఒక ప్రోగ్రాము తెరిచాడు, చివరిదాకా జరిపాడు. ఇంకొకటి తెరిచాడు. ఇంకొకటి. ఆరైతే ఒకటి తగ్గించు. ఆరైతే ఒకటి తగ్గించు.

"పదకొండేళ్ళు," అన్నాడు, నవ్వుతున్నాడో ఏమో తెలియని గొంతుతో. "ఇంతమందిలో ఒక్కరైనా వచ్చి, సార్, ఇదెందుకు ఇలా అని అడగలేదు. అంత భయపెట్టానా నేను?" కాగితం ఆమె చేతికిచ్చి, "రేపు తొమ్మిదికి ల్యాబులో ఉండు. నీ సంగతి అక్కడ తేలుద్దాం," అన్నాడు.

*

శుక్రవారం మొత్తం అరవై మందీ ఉన్నారు. మాస్టారు బోర్డు మీద లిఫ్టు గీశాడు, ఆరుగురినీ నిలబెట్టాడు, సున్నా దగ్గర తలుపు తీశాడు. ఇరవై మూడు, అని రాసి దాని కింద రెండు గీతలు గీశాడు.

"ఈ టెస్టు తప్పుగా రాసింది నేను. రాత్రి దిద్దాను. మీరు పంపినవన్నీ ఇప్పుడు మళ్ళీ పెడుతున్నాను."

గోడ మీద వెలిగే తెరలో అరవై వరసలు పడ్డాయి. ఏడో నిలువు వరసలో ఎరుపు పైనుంచి కిందికి పాకుతూ వచ్చింది. గదంతా గగ్గోలు.

"సార్, అన్యాయం సార్!"

"ఐదింటిదాకా టైముంది. ఒక్క లైను తీసేయడానికి ఎనిమిది గంటలు చాలవా?" అన్నాడు మాస్టారు. "ఏ లైనో నేను చెప్పక్కర్లేదనుకుంటాను."

"కొంపముంచావు కదే తల్లీ," అంది రేడియో, అంటూనే తన తాయత్తు తెంపుతూ.

ఎందుకమ్మ వినడం లేదు. ఎర్రటి వరసలో తన గడి పచ్చగా మెరిసింది. మూడు రోజుల ఒంటరితనం ఒక్కసారిగా తీపి అయింది. ఒక్కటే పచ్చ గడి. నాది. ఆ తీపిని నోట్లో ఇంకా తిప్పుతుండగానే, జాబితా అడుగున రెండో పచ్చ గడి వెలిగింది.

అందరూ కిటికీ వైపు తిరిగారు.

మాస్టారు చివరి మిషను దాకా నడిచి వెళ్ళాడు. "నువ్వెప్పుడు మార్చావమ్మా?"

"మార్చలేదు సార్," అంది పాతకాపు. ఆమె గొంతు చాలామంది వినడం అదే మొదలు. తేటగా, తొందరలేకుండా ఉంది. "పోయినేడు పంపిందే ఇది. ఒక్క అక్షరం మార్చలేదు."

"ఆ లైను సంగతి నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు సార్. పోయినేడే ఇద్దరు చెప్పారు. ఎందుకు తగ్గించాలో తెలియలేదు. అందుకని పెట్టలేదు."

"తెలియనప్పుడు నన్ను వచ్చి అడగాలి కదమ్మా."

పాతకాపు ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడంలో నిష్ఠూరం లేదు. మాట అనాలా వద్దా అని తూచుకోవడం మాత్రమే ఉంది.

"అడిగాను సార్. మీ గదికొచ్చాను. 'మళ్ళీ చూసుకో' అన్నారు. ఏడాదిగా చూసుకుంటున్నాను."

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మాస్టారి చెయ్యి బల్ల అంచు మీద ఉంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోయినేటి సున్నా వేసింది నేను," అన్నాడు. "దాన్ని కొట్టేయమని అడగడానికి ఆఫీసుకి నేనే వెళ్తాను. ఇప్పుడే వెళ్తాను. ఆ ఏడాదిని ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదమ్మా."

పాతకాపు తలూపింది. ఆయన తలుపు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చి, గోడ మీది కాగితాన్ని మూలల దగ్గర గోరుతో లేపి ఊడదీశాడు. ఎందుకమ్మ ముందునుంచి నడిచి వెళ్తూ, "నీ సంగతి తేలిపోయింది," అని మాత్రం అన్నాడు.

ఎందుకమ్మ చెవులు వేడెక్కాయి. మంగళవారం ఈ కుర్చీలోంచే తాను జాలిపడింది. నోట్లో నాలుక లేదన్నప్పుడు కాదనలేదు. తాను మూడు రోజులు మోసి మురిసిపోయినదాన్ని ఆ మనిషి ఏడాది మోసింది, మురిసిపోవడానికి ఏ సాక్ష్యమూ లేకుండా. ఆ ఆరుగురూ ఎక్కడ నిలబడ్డారో కూడా తెలియకుండా. సిగ్గు వేసింది. ఆ సిగ్గు వెంటనే, దాన్ని తోసుకుంటూ, ఇంకేదో పొంగుకొచ్చింది. ఇదంతా చెప్తే అర్థమయ్యే మనిషి ఒకరు ఇన్నాళ్ళూ ఇదే గదిలో, ఆరు కుర్చీల అవతల ఉంది!

తన కుర్చీ ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, నేను..."

"ఇరవై నాలుగుసార్లు అడిగావట?" అంది పాతకాపు. ఆమె కళ్ళు కాగితం మీద ఉన్నాయి. "ఏదీ, చూపించు."

ఎందుకమ్మ చూపించింది. చెప్తుంటే చేతులు గాల్లో తిరిగాయి, మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చాయి. "మొదటి పన్నెండూ దండగ చేశానక్కా. దానికి నాలుగు మాటలొచ్చని తెలిస్తే మొత్తం పద్దెనిమిదిలో అయిపోయేది."

"నాలుగు కాదు, ఐదు."

"ఐదా?"

"ఆగకుండా అచ్చువేస్తూ పో. 'పొడవు మించింది' అంటుంది. పోయినేడు నన్ను ఆవిడ అనని మాటంటూ లేదు," అంటూ పాతకాపు తన పుస్తకం వెనక పేజీ తిప్పింది. "ఎక్కిన చోటే ఎవడూ దిగడుగా. అంటే ఒక్కొక్కడికి యాభై ఆరు దారులు. ఆరుగురికి యాభై ఆరుని ఆరుసార్లు హెచ్చవెయ్యి. నేను ప్రశ్నకొక ఐదు చొప్పున హెచ్చవేస్తాను. ఎన్ని ప్రశ్నలకి నాది నీదాన్ని దాటుతుందో చూద్దాం."

రెండు పెన్సిళ్ళు ఒకే పేజీ మీద చెరోవైపు నుంచీ పరుగెత్తాయి. వెనక గదంతా తాయత్తులు తెంపుతున్న చప్పుడు.

"పదిహేను," అంది ఎందుకమ్మ, గెలిచిన గొంతుతో. "పదిహేను ప్రశ్నలు చాలక్కా!"

పాతకాపు తన సంఖ్యను ఆమె సంఖ్య కింద మళ్ళీ రాసి, ఎడమనుంచి ఒక్కో స్థానం వేలితో తాకుతూ వచ్చింది. మూడో స్థానం దగ్గర వేలు ఆగింది.

"వెంట్రుకవాసిలో చాలలేదు. పదహారు."

"కాదు, చాలుతుంది."

"మళ్ళీ చూసుకో," అంది పాతకాపు. అని, తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవిన పడగానే ఆమెకు నవ్వు ఆగలేదు. బల్ల మీద తల వాల్చి, భుజాలు కదిలేలా నవ్వింది. ఎందుకమ్మ కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ, నిజంగానే, మొదటి అంకె దగ్గర్నుంచి మళ్ళీ హెచ్చవేయడం మొదలుపెట్టింది.